ముందు వరసలో కుడి మోకాలు

ధాత కరువు రెండవ వేసవిలో, వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నం మా దళం ఉదయగిరి చేరింది. దుర్గపు కొండ ఎండకు తెల్లబారి ఉంది. కొండ కింద ఎర్ర గరపనేల, తుమ్మకంప, అడుగంటిన బావులు. వడగాలి పడమటి నుండి కొట్టేది. దళం చిన్నది: ఒక హవల్దారు, రెండు వరసల సిపాయిలు. తలకొక తుపాకి, తూటాల సంచి, కంబళి, నీటి బుర్ర, ఒక జత చెప్పులు. ఉత్తరువు సూటిగా ఉంది. తీరం నుండి నెల్లూరు మీదుగా ఆత్మకూరు చేరిన బియ్యం బండ్లను ఉదయగిరికి క్షేమంగా చేర్చవలెను. దారిలో ఒక్క బస్తా కూడా విప్పరాదు.

నేను చేజర్లవాణ్ణి. నెల్లూరులో చదువు ముగించి పటాలంలో చేరాను. ఆ యేడు మా పొలంలో గింజ పండలేదు. నాయన, అవ్వ, చెల్లెళ్లు నా జీతం మీదనే బతికారు. పటాలంలో నా పేరు కొట్టివేస్తే మా ఇంట గంజి కాగదు. నేను చెప్పబోయే మోకాలి విలువ అంత.

పటాలం ఎరుగనివారికి వరస సంగతి కొంత చెప్పాలి. కాల్పుల అభ్యాసంలో ముందు వరస కుడి మోకాలు నేలకు ఆనించి కూర్చుంటుంది. వెనుక వరస నిలబడి, ముందువాడి తల మీదుగా కాలుస్తుంది. మా దళంలో పొడుగువాళ్లు ముందు, పొట్టివాళ్లు వెనుక. ఎవరి స్థానం వారిది. నాది ముందు వరస కుడి చివర. నా వెనుకవాడు ఉదయగిరి మనిషి. దళంలో అందరికంటె పొట్టి, అందరికంటె వాచాలుడు.

ఆత్మకూరుకు పడమట ఒక ఎండు వాగులో బండి చక్రం ఇసుకలో దిగబడింది. ఎద్దులకు ఎముకలు తప్ప ఏమీ మిగలలేదు.

“ఎద్దులకు గడ్డి లేదు, నాకు గంజి లేదు,” అన్నాడు బండి తోలేవాడు. “నీ మీసాలు చూసి బండి లేస్తాదా సిపాయన్నా? భుజం పెట్టు.”

పెట్టాను. కుడి పాదం రెండు రాళ్ల మధ్య బిగిసింది. బండి ఒక్క ఊపున కదిలింది. ఒళ్లు ఎడమకు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలి లోపల పటుక్కుమంది.

“ఏందిరా అది, బండి పోలుగర్ర విరిగినాదా?” అన్నాడు వెనుకవాడు.

“కర్ర కాదు.”

ఉదయగిరి చేరేసరికి మోకాలు కొబ్బరికాయంత అయింది. వెనుకవాడు తన తలపాగా విప్పి దాన్ని బిగించి కట్టాడు.

“ఆసుపత్రికి పోయినావంటే ఇంటికి పంపించేస్తారు. నోరు మూసుకోని పడుకో,” అన్నాడు.

కొన్ని వారాలకు వాపు దిగింది. వాపు దిగితే గాయం మానినట్టేనని దళమంతా నమ్మింది. నేనూ నమ్మాను. మళ్లీ బండ్ల వెంట నడిచాను. చదునైన దారిలో బాధ లేదు. పక్కకు తిరిగినప్పుడు మాత్రం పిక్కయెముక తొడయెముక కింద జారినట్టు ఉండేది. మోకాలు వంచి కూర్చుంటే మరొకరి చేయి లేకుండా లేవలేకపోయేవాణ్ణి.

ఉపాయం వెనుకవాడిదే. “నా జాగాలో నువ్వు నిలబడు. నీ మోకాలు నేను వంచుతా.”

మరునాటి అభ్యాసంలో హవల్దారు మా ఎదుట ఆగాడు.

“వెనకాల ఆ తాటిచెట్టు ఏందిరా? దాని ముందర ఈ ఉసిరిక్కాయ ఏంది?”

“వానికి ఎండ పడదు సాబ్,” అన్నాడు పొట్టివాడు. “నా నీడలో ఉండాడు.”

వరస నవ్వు బిగపట్టింది. హవల్దారు నా మోకాలి కట్టు వైపు ఒకసారి చూసి, ముందుకు నడిచాడు. ఆ తరువాత మమ్మల్ని మార్చలేదు.

వానలకు ముందు ఆత్మకూరులో తనిఖీ జరిగింది. ఒక దొర, పటాలపు వైద్యుడు వచ్చారు. ఎత్తుల వరస తప్పినట్టు దొర గుర్తించాడు. నన్ను ముందుకు, పొట్టివాణ్ణి వెనుకకు మార్చాడు. మోకాలు దించమని ఆజ్ఞ వచ్చింది. దించాను. లేవమని ఆజ్ఞ వచ్చింది. నేను లేవలేదు.

నా మోకాలి కట్టు వైద్యుడి కంట పడింది. సాయంత్రం గుడారంలో ఆయన నా పిక్కను రెండు చేతులా పట్టి ముందుకు లాగాడు. వదులైన సొరుగులాగా అది వచ్చింది. తెలుగు తెలిసిన సహాయకుడు ఆయన మాటలు వివరించాడు. ఎముకలను పట్టి ఉంచే లోపలి కట్టు తెగింది, తెగినది అతకలేదు, దిగినది వాపు మాత్రమే. పట్టు లేని కీలు నడిచినప్పుడల్లా ఒరుసుకుంటుంది. ఎముకల మధ్యనున్న మెత్తని పొర అరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సందు సన్నబడి మూసుకుంటుంది. “నడవగలడు. సిపాయిగా నడవలేడు.”

అంతవరకు గుడారం ద్వారం వద్ద నిలబడిన హవల్దారు నోరు విప్పాడు.

“బియ్యం కొట్టు కాపలాకు మోకాలు వంచే పని లేదు దొరా. దళం వెనక్కి పోయేదాకా వీణ్ణి ఆడ ఉంచండి.”

వైద్యుడు ఒప్పుకున్నాడు. ఆత్మకూరు కొట్టు వాకిట కాపలా ఉన్నాను. వానలు పడ్డాయి. మడులు తడిశాయి. పంట ఇంటికి వచ్చేవరకు నా జీతం చేజర్ల చేరింది. దళాన్ని వెనుకకు పిలిచిన దినాన నా పేరు కొట్టివేశారు. ఊరి పొలిమేర దాకా పొట్టివాడు నా కంబళి మోశాడు. “పల్లం వస్తే చూసి దిగరా,” అని చెప్పి వెనుదిరిగాడు. ఇల్లు చేరాను. మా ఇంట ఎవరూ పోలేదు. ఆ కరువులో అది చిన్న మాట కాదు.

వైద్యుడు చెప్పినదంతా జరిగింది. నాకిప్పుడు వృద్ధాప్యం. ఎడమ మోకాలి పక్కన బొటనవేలు నొక్కితే కీలు సందు తగులుతుంది. కుడివైపు ఎముక మీద ఎముక. ఉదయం లేవగానే అది కొయ్య. నాలుగడుగులు వేస్తే లోపల ఇసుక నలిగిన చప్పుడు. కాలు లోపలికి వంగింది. తైలాలు, కాపడాలు పూట గడుపుతాయి. అరిగినదాన్ని తిరిగి తేలేవు.

మోకాలి నొప్పి ఒక్కొక్కనాడు మరపునకు వస్తుంది. తనిఖీనాటి ఆ క్షణం మాత్రం రాదు. ఆజ్ఞ విని వరస లేచింది. నేలమీద నేనొక్కణ్ణే. దొర అప్పటికి ఎడమ చివరకు వెళ్లి అటు తిరిగి ఉన్నాడు. నా పక్కవాడు నన్ను చూసి మళ్లీ మోకాలు దించాడు. వాడి పక్కవాడు, ఆ పక్కవాడు, వరస వరసంతా ధూళిలోకి దిగింది. వెనుక వరస మోకాలు వంచడం ఏ డ్రిల్లులోనూ లేదు. నా వెనుక పొట్టివాడూ వంచాడు. క్రమం తప్పిన వరసను నేను జన్మలో సహించలేదు. హవల్దారూ సహించేవాడు కాదు. ఆయన మమ్మల్ని ఆ చివరినుండి ఈ చివరకు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. అందరం కూర్చున్న తరువాత గట్టిగా ఆజ్ఞ ఇచ్చాడు: “మోకాలు దించు!”