మసి గొట్టం

మూతి నుంచి మందు కూరే భర్మార్ తుపాకీ మా మేనమామది. ఒకసారి పేల్చాక, తడిగుడ్డతో గొట్టంలో మసి తుడవకుండా మళ్లీ నింపేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఆయన మక్కచేనులో అడవిపందులు పడ్డాయి. మొదటి గుండు తప్పింది. పందులు బెదిరి, పత్తిచేను వైపు గట్టుకు జరిగి, అక్కడ కంకులు తినసాగాయి. ఆయన కూర్చుని గొట్టం తుడుస్తున్నాడు.

"చేనంత బుక్కినంక కాలుస్తవా బావా?" అన్నాడు పక్క చేను రైతు.

"పత్తిల ఆడోళ్లు కలుపు తీస్తున్నరు. మసి గొట్టంల గుండు ఎటు పోతదో నాకే తెల్వదు."

తుడవడం ముగిసేలోగా పందులు వెళ్లిపోయాయి. ఉన్న ఎకరంలో సగం నేలమట్టమైంది. పత్తిలోంచి ఆయన చెల్లెలు, మా అవ్వ, వచ్చి చూసింది.

"ఒక్కటన్న పడలేదా అన్నా?" అని నవ్వింది.

"పడలే చెల్లె," అన్నాడు.

ఎందుకు పడలేదో మా అవ్వకు తెలిసింది ఆయన పోయాక, పక్క చేను రైతు చెప్తేనే.