చేటకి అలికిన పుస్తకాలు

మా పెద్దమావయ్య ముప్పై ఏళ్ళు జనం మధ్య తిరిగి తెలుసుకున్నదంతా మూడు నోటు పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ మూడింటినీ మా అత్త గంగాళంలో నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, చేటకి అలికేసింది. ఆ సంగతి ఆయనకి ఇంకా తెలియదు. నిన్న మధ్యాహ్నం తామ్వే పేటలో మా వీధిలోనే ఉన్న వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అత్త ఆ చేటతోనే బియ్యం చెరుగుతోంది. "ఒరే అల్లుడా, ఆ పుస్తకాలు ఆదివారం పట్రా. సివరి పేజీల్లో ఒక మాట కొట్టీయాల," అన్నాడు. అత్త చెయ్యి ఆగలేదు. నేను "అలాగే మావయ్యా" అన్నాను. ఎనభై దాటిన మనిషికి అబద్ధం చెప్పినప్పుడు లోపల ఏదో ఒకటి కదలాలి. ఏమీ కదల్లేదు. చేటలోంచి లేచిన తవుడు చొక్కా మీద పడితే దులుపుకున్నాను.

మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఈ బర్మా ఓడరేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్ళు. మావయ్య అదే రేవులో మూటలు లెక్కపెట్టే గుమాస్తాగా చేరి, సాయంత్రాలు పేటలో తగువులు తీరుస్తూ, ఒకసారి వార్డుకి నిలబడి గెలిచాడు కూడా. బర్మావాళ్ళు పేరుకి ముందు 'ఊ' తగిలించి గౌరవంగా పిలిచేవారు, మనవాళ్ళకి పెద్దాయన. మీటింగుల్లో మూడు భాషలు వాడేవాడు. మాటివ్వడం బర్మీస్‌లో, తిట్టడం తెలుగులో, ఎటూ తేలనప్పుడు ఇంగ్లీషులో. నేను బర్మీస్ దినపత్రిక నుంచి రిటైరయ్యాక ఒకరోజు పేపరివ్వడానికి ఆయన ఇంటి తాడు గంట మోగించాను. మా ఊళ్ళో మేడ మీదివాళ్ళు బాల్కనీ నుంచి తాడు వేలాడదీస్తారు, కింద క్లిప్పుకి పేపరు తగిలించి లాగితే పైన గంట మోగుతుంది. పేపరు అందుకుని ఆయన పైనుంచే అరిచాడు: "ఊరందరి సంగతులూ రాసీసినావు. మేనమావ సంగతి రాయడానికి నీకేటి రోగం?" ఆ మర్నాటి నుంచి రోజూ భోజనాలయ్యాక ఆయన చెప్పడం, నేను రాయడం.

గొప్ప గొప్ప మాటలేవీ చెప్పలేదు. వీధి కుళాయి గురించి చెప్పాడు. నీళ్ళు వచ్చిన వీధివాళ్ళు ఒకసారి వచ్చి దండం పెట్టి వెళ్ళారట, రాని వీధివాళ్ళ పిల్లలకి పెళ్ళిళ్ళయినా ఆ కోపం పోలేదట. మీటింగుకి వచ్చినవాడికి నిజం అక్కర్లేదు, వాన పడేలోగా మీటింగు అయిపోవాలి అన్నాడు. నది అవతలి దలాకి వెళ్ళే ఫెర్రీ పడవ గురించి ఒక మధ్యాహ్నమంతా చెప్పాడు. నది మధ్యలో ఉన్నంతసేపూ అందరూ ఒక తల్లి పిల్లల్లా పళ్ళూ పలహారాలూ పంచుకుంటారు, అవతలి రేవు కనపడగానే ఒక్కసారే లేచి ఒక పక్కకి వస్తారు, పడవ ఒరుగుతుంది. "అందర్నీ కూకోబెట్టడం నాయకుడి పని అనుకున్నాను సానాకాలం. కాదురా. ముందు నాను లెగకుండా ఉండాల, అంతే." నేను రాశాను. తను అలా లేచిన సందర్భాలు కూడా చెప్పాడు, అవీ రాశాను. మూడో పుస్తకంలో చివరి నాలుగు పేజీలు మాత్రం తనే రాసి, అంచులు అంటించి, "నాను పోయాక సదువు" అన్నాడు. ఫలానా రోజు దాకా వెయ్యకూడదని చెప్పి ఇచ్చిన కాగితాన్ని పత్రికలవాడు ముందుగా విప్పడు. నేనూ విప్పలేదు. శుద్ధప్రతి కూడా రాయలేదు. తొందరేముంది అనుకున్నాను.

తర్వాత సైన్యం గద్దెనెక్కి రోజులు మారాయి, ఇళ్ళు సోదా చేస్తున్నారన్నారు. మా వీధిలో పాత కాలెండర్లు, ఫోటోలు, కరపత్రాలు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వాటిని వదిలించుకుంటున్నారు. మావయ్య ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో కూతురింటికి వెళ్ళి, దారులు మూసెయ్యడంతో అక్కడే చిక్కుకుపోయాడు. పుస్తకాలు నా దగ్గరున్నాయి. లుంగీలో దోపుకుని తెచ్చి అత్త చేతిలో పెట్టాను. "ఎవరి కంటా పడకూడదు. ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నాను. ఆ మాట నాదే. రెండు రోజులయ్యాక వెళితే బాల్కనీలో చేట ఆరుతోంది, సిరా కలిసిన గుజ్జు బూడిదరంగు నీలానికి తిరిగి, మెంతుల వాసనేస్తోంది. వెదురు సందులు మూసుకోవడానికి కాగితం గుజ్జు పట్టించడం మా ఆడవాళ్ళు సముద్రం దాటినా మానలేదు. పుస్తకాలేవని అడిగితే అత్త గడ్డంతో అటు చూపించింది.

"దాస్తావనుకున్నానత్తా."

"బియ్యం డబ్బాలో ఎతుకుతారు, పరుపు కింద ఎతుకుతారు. కాలిస్తే పొగ లెగిసి వీదంతా తెలుస్తాది. సేట ఎవడెతుకుతాడు బాబూ?"

ఎవడూ ఏదీ వెతకలేదు. మా వీధికి ఎవరూ రానే లేదు. వచ్చినా ఆ పుస్తకాలున్నది తెలుగులో. మా వీధి మొత్తం మీద తెలుగు చదవగలిగినవాళ్ళం మావయ్య, నేను, గుడి పూజారి. వచ్చినవాడికి అది రాజకీయమో వంటల పుస్తకమో తెలిసేది కాదు. నలభై ఏళ్ళు వార్తలు దిద్దినవాడికి ఈ ముక్క ఆ రోజు తట్టలేదు. మావయ్య తిరిగి వచ్చాక పుస్తకాలు అడగలేదు, మేము చెప్పలేదు. ఏళ్ళు గడిచాయి. తాడుకి ఇప్పుడు పేపరు బదులు కూరగాయల సంచి తగిలిస్తున్నారు.

ఏ మాట కొట్టెయ్యాలని నిన్న మావయ్యని అడిగాను.

"దలాలో ఒకాయన గురించి రాసినాను. ఇంకా బతికే ఉన్నాడు. నా ఎనక అది బయటికొస్తే తలెత్తుకోలేడు."

"తప్పు రాశావా?"

"తప్పేటి? నిజమే. అయినా కొట్టీయాల."

అత్త చెరగడం ఆపి లోపలికి వెళ్ళింది. నేను బయల్దేరితే మెట్ల దాకా వచ్చి గొంతు తగ్గించి, "నువ్వే సెప్పు. రాసినోడివి నువ్వు" అంది. "రుబ్బినదానివి నువ్వు" అన్నాను. నిజం చెబితే దలాలో మనిషి గురించి ఆయన బెంగ ఆ క్షణమే తీరిపోతుంది. కానీ ఒక్క మాట కొట్టెయ్యమన్నవాడికి మూడు పుస్తకాలూ కొట్టేశామని ఎలా చెప్పాలి? ఆ దలా మనిషెవరో నాకు తెలియదు. పడవ గురించి చెప్పింది గుర్తుంది, కుళాయి గురించి గుర్తుంది. మిగతాది రోజురోజుకీ పలచబడుతోంది.

చేట అంచున అలుకు పెచ్చు లేచింది. మళ్ళీ పట్టించాలట, పాత కాగితాలుంటే తెమ్మంది అత్త. మావయ్య ఇచ్చిన గడువు ఆదివారం. ఇవాళ శనివారం, ఎవరు చెప్పాలో ఇంకా తేలలేదు.