బస్సు వచ్చేదాంక

మా ఇంగ్లీషు సార్ పోయారు. దవాఖాన నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, బాపు పోయిండు" అంది. ఆ మాట వినాల్సి వస్తుందని కొన్నాళ్ళుగా ఫోన్ మోగినప్పుడల్లా భయపడుతూనే ఉన్నాను.

నేను వర్ధన్నపేట దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వరంగల్‌కు వచ్చి చదువుకున్నాను. పదో తరగతిలో సాయంత్రాలు స్పెషల్ క్లాసులుండేవి. చీకటి పడ్డాక ఇల్లు చేరితే చదువు బంద్ అని మా బాపు ముందే చెప్పాడు. అందుకే బోర్డు మీద పాఠం నడుస్తుంటే నా చెవులు బస్సు హారన్ మీద ఉండేవి. సార్ అది కనిపెట్టారు. రోజూ పల్లెల నుంచి వచ్చే మా పిల్లల వెంట బస్టాపుకు వచ్చి నిలబడేవారు. 'అన్‌టిల్' అనే మాట నాకు అక్కడే నేర్పారు.

"అన్‌టిల్ అంటే?"

"వరకు, సార్."

"వరకు అంటే?"

నేను బస్సు వచ్చే దిక్కు చూశాను.

"నువ్వు బస్సెక్కెదాంక నేనీడనే ఉంట. ఎక్కినంక ఇంటికి పోత. గంతే."

నన్నొక వాక్యం చెప్పమంటే, బస్సు రానంతవరకు ఆగుతాననే అర్థంలో ఏదో చెప్పాను. సార్ నవ్వారు. "వచ్చేదాంక అను బిడ్డా. రాదని నువ్వే ఎందుకంటవు?"

అలా అన్నారే గానీ, మాకంటే ఆయనకే కంగారు ఎక్కువ. వర్ధన్నపేట బస్సు పోయిందా అని పల్లీల బండి అతన్ని అడిగేవారు, కాసేపాగి మళ్ళీ అడిగేవారు. "సార్, మీకంటె పిల్లలే నయం" అనేవాడతను.

ఒక సాయంత్రం బస్సు రాలేదు. చీకటి పడింది. నా చదువు అయిపోయిందనుకున్నాను. సార్ ఫోన్ చేస్తే, బాపు ఎవరిదో బండి అడుక్కుని వచ్చాడు.

"రేపటి సంది పంప సార్. ఆడపిల్ల గిట్ల రోడ్డు మీద నిలవడితె ఎట్ల?"

"ఒక్కతే నిలవడలేదన్నా. నేనున్న. రేపు గూడ ఉంట."

బాపు సార్ చొక్కా మీది సుద్దపొడిని చూశాడు. నన్ను బండెక్కమన్నాడు. మర్నాడు వెళ్ళొద్దనలేదు. ఇవాళ నేనూ ఒక బడిలో ఇంగ్లీషు చెబుతున్నానంటే, అది సార్ నిలబడిన పుణ్యమే.

సార్ పోయేముందు రోజు సాయంత్రం దవాఖానలో మంచం పక్కన కూర్చున్నాను. మగతలో ఉన్న సార్ కళ్ళు తెరిచి, "బస్సొచ్చిందా బిడ్డా?" అన్నారు. వచ్చిందంటే వెళ్ళిపోతారేమోనని హడలిపోయాను.

"ఇంక రాలే సార్."

"ఐతే ఉంట" అని కళ్ళు మూసుకున్నారు.

అంత్యక్రియలయ్యాక అదే బస్టాపుకు వచ్చాను. ఎప్పుడూ ఆలస్యమయ్యే బస్సు ఆ రోజు నేను వెళ్ళీ వెళ్ళగానే వచ్చింది. ఎక్కితే సార్ ఇక నిజంగానే వెళ్ళిపోతారనిపించింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడిపోయాను.

"ఎక్కుతున్నవా లేదా మేడం?" అని కండక్టరు మళ్ళీ అరిచాడు.