కురవామెను జనగాం తోలియ్యి

లేదు, లేదు, ముమ్మాటికీ లేదు! మా బావకు కురవిలో రెండో సంసారం లేదు. ఉన్నదని అన్నవాళ్లూ, విన్నవాళ్లూ, విని తల ఊపినవాళ్లూ ముందు ఈ మాట చెవిన వేసుకోండి. సంతోషంలో రాస్తున్నాను, రాత వంకర పోతే మన్నించండి. నేను చదివింది ఏడో తరగతి దాకానే.

మా బావ అంటే మా అక్క పెనిమిటి. పోయిన నెలలో మహబూబాబాద్ దవాఖానలో గుండె ఆగి కాలం చేశాడు. భూపాలపల్లి బొగ్గు బావుల్లో కరెంటు పని చేసి, రిటైరయ్యాక మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో, ఇల్లు కట్టుకున్నాడు. ఏడ్చాం, ఏడవవలసినంతా ఏడ్చాం. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఏడుస్తూ కాదు.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. జపాన్‌లో తయారైన పాత బేస్ గిటార్లు వెతికి తెచ్చుకోవడం. తెలియనివాళ్లకు చెబుతాను. మామూలు గిటార్‌కు సన్నటి తంతులు ఆరు ఉంటాయి. బేస్‌కు నాలుగే, కానీ లావుటివి. పాటలో దాని మోత వేరుగా వినపడదు. తీసేస్తే మాత్రం పాట నేల మీద ఆనదు. వెనకట పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో, చర్చి పాటల్లో, రైల్వే వాళ్ల బృందాల్లో దీన్ని వాయించేవారు. కీబోర్డు వచ్చి ఆ పని కూడా తానే చేయడం మొదలుపెట్టాక వీటిని అటకల మీద పడేశారు. మా బావ ఆ అటకలన్నీ ఎక్కాడు.

కాజీపేటలో ఒక అటక కింద నిచ్చెన పట్టుకొని నిలబడ్డది నేనే. తలనిండా బూజుతో, చంకలో బొంత చుట్టిన గిటార్‌తో దిగి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. ముందు కళ్లతో చూడడు. కళ్లు మూసుకొని గిటార్ వెనక, మెడా ఒళ్లూ కలిసే చోట ఉన్న ఇనుప పలకను బొటనవేలితో తడుముతాడు. దాని మీద 'మేడ్ ఇన్ జపాన్' అని చెక్కి ఉంటుంది. ఆ అక్షరాలు వేలికి తగలగానే ఆయన ముఖం చూడాలి మీరు! "జపానే బామ్మర్దీ, జపానే!" అని అరిచాడు. ఆ ఇంటివాళ్లు భయపడి బయటికి వచ్చారు. తర్వాత వాసన చూశాడు. తర్వాత చెక్కకు చెవి ఆనించి ఒక్క తంతి మీటాడు. "ఇగో, ఇంకా లోపల మాట్లాడుతాంది" అన్నాడు.

నాకు ఆగక అడిగాను. "బావా, గిది అమెరికా గిటార్‌కు నకలంటరు గదా. నకలు దానికి గింత పరేషాన్ ఎందుకే?"

"నకలే, ఎవలు కాదన్నరు? ముందుగాల అమెరికాదాన్ని జూసి అచ్చం అట్లనే చేసిండ్రు. చేసుకుంట చేసుకుంట చెయ్యి తిరిగింది. గిప్పుడు అమెరికోళ్లే గివి ఎతుక్కుంటుండ్రట. నువ్వు మీ నాయినను జూసి నాగలి పట్టలేదా? నిన్ను నకలు రైతు అన్నమా?"

నేను నా కండువాతో గిటార్ బూజు దులపడం మొదలుపెట్టాను.

ఆ కాజీపేట గిటార్‌కు మోచెయ్యి ఆనే చోట రంగు పోయి చెక్క బయటపడి ఉంది. కొత్త రంగు వేయించమన్నాను. కసిరాడు. "ఎవలదో చెయ్యి ఏండ్ల తరబడి ఆనింది గీడ. వాని చెమటను తుడిపేస్తనా?" దాన్ని పాత మల్లు పంచెతో తుడిచేవాడు, అదీ మెల్లగా, పసిపిల్లకు స్నానం చేయించి ఒళ్లు అద్దినట్టు. వానకాలం వస్తే అన్నింటి తంతులూ జర వదులు చేసి, చెమ్మ పట్టకుండా వేయించిన బియ్యం మూటలు కట్టి బీరువాలో పెట్టేవాడు. మా అక్క చీరలన్నీ సందుగ పెట్టెలోకి పోయాయి.

అక్కకు ఆ గిటార్లంటే పడేది కాదు. "నీ డబ్బలు" అనేది. అందుకని ఆయన ఏ ఊరి నుంచి గిటార్ తెస్తే ఆ ఊరి నుంచి అక్కకూ ఏదో ఒకటి తెచ్చేవాడు. గిటార్‌ను గోడ చాటున నిలబెట్టి, ముందు అది చేతిలో పెట్టేవాడు. ఆమె నవ్విందా, అప్పుడు గిటార్ లోపలికి వచ్చేది.

ఇక మా బిడ్డ రజిత. జనగాంలో మాతోనే ఉండి నర్సు పని చేస్తుంది. చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు భూపాలపల్లి క్వార్టర్‌కు పోయి మామ దగ్గర బేస్ నేర్చుకుంది. వేళ్లు పొక్కి ఏడిస్తే, "ఎండనియ్యి బిడ్డా, గవే నీ ఉంగురాలు" అన్నాడట. ఇంటికి వచ్చి ఆ పొక్కులు అందరికీ చూపించింది, బంగారం చూపించినట్టు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా దిక్కు ఇంటికి వచ్చిన కోడలిని పుట్టిన ఊరి పేరుతో పిలుస్తారు. మా అక్కను అత్తగారింట ఈనాటికీ 'జనగామామె' అనే అంటారు. ఇది గుర్తుపెట్టుకోండి. దవాఖానలో ఆఖరి రోజు మా బావ, ఊపిరి అందక, అక్క చెయ్యి పట్టుకొని, "కురవామెను జనగాం తోలియ్యి" అన్నాడు, అంటే మా ఇంటికి పంపించమని. ఇంకేదో చెప్పబోయి నవ్వాడు. అంతే, పోయాడు.

ఎవరా కురవామె, మానుకోట పక్కనున్న కురవిలో పుట్టినామె? శవం ఇల్లు చేరకముందే ఆ మాట బంధువులందరికీ చేరింది. మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"తమ్మీ, ఎవల్రా కురవామె?"

"నాకెర్క లేదక్కా."

"ఎర్క లేకుంటె నీ ఇంటికే తోలియ్యమని ఎందుకంటడు? ఇద్దరు కలిసి నిచ్చెనలెక్కిండ్రు, అటకలు దిగిండ్రు. గిది గూడ కలిసే చేసిండ్రా?"

నా అక్క, నన్ను ఎత్తుకొని పెంచిన అక్క, ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. బావ ఫొటో ముందు దీపం పెట్టేది గానీ తల ఎత్తి చూసేది కాదు. మా మేనల్లుడు తండ్రికి చేయవలసినవన్నీ పళ్లు బిగబట్టి చేశాడు. ఒక పొద్దున అక్క వాడితో అంది: "ఆఖరి మాట అది. కాదనను. కురవికి పోయి ఆమెను తోలుకరాండ్రి. ఎవలైతేంది, దినాలనాడు ఇంత బువ్వ తిని పోతది."

అంత పెద్ద మాట అన్న మనిషి తాను మాత్రం ఆ పూట ముద్ద ముట్టలేదు.

నేనూ మేనల్లుడూ మోటారు సైకిల్ మీద కురవికి పోయాం. ఏమని అడగాలి? హోటల్ దగ్గర, "మానుకోట నుంచి గిటార్ వాయించే ఆయన ఇక్కడికి వచ్చేటోడా?" అన్నాను. "గిటార్ సారా? చర్చి ఎనుక ఇంటికి" అని వెంటనే చెప్పారు.  ఆ ఇంటి వాకిట్లో మా అక్క ఈడు మనిషి ఎల్లిపాయలు వొలుస్తూ కూర్చుంది.

"గిటారన్న తాలూకా? అయ్యో, లోపలికి రాండ్రి! అన్న నెలకోపాలి తప్పకుండ వస్తడు. ఈ నెల ఇంక రాలె. పానం మంచిగున్నదా? మా ఇంట్ల మనిషే అనుకోండ్రి."

మేనల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. బండి తిప్పాడు. నేను ఉరికి వెనక ఎక్కాను. ఆమె నీళ్ల చెంబుతో గేటు దాకా వచ్చి, "ఓ అన్నా, నీళ్లన్న తాగి పోరాదే!" అని పిలుస్తూనే ఉంది. వాడు బండిని ఎక్కడా ఆపలేదు. ఇంటికి వచ్చి, "ఉన్నది" అని ఒక్కటే అన్నాడు తల్లితో.

రజితకు ఇదేమీ తెలియదు. పెళ్లి కావలసిన పిల్ల ముందు ఇలాంటివెందుకని ఎవరం చెప్పలేదు. డ్యూటీకి జనగాం పోయి దినాల రోజు మళ్లీ వచ్చింది. ఇల్లు నిండా బంధువులు. మా అక్క ఆమెను చూసి, నాకు తగలాలనే, గట్టిగా అంది:

"రజితా, మీ ఇంటికి కురవామె వస్తదట. జాగ చేస్కోండ్రి."

"నాకెర్కే అత్తమ్మా, మామ ఎప్పుడో చెప్పిండు. నేను పండుకునే అర్రలనే పెట్టుకుంట."

 నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీ అర్రలనా?" అంది అక్క.

"అవ్. గోడకు మొల కొట్టి యేలాడదీస్త."

"ఏందీ! ఆడమనిషిని గోడకు యేలాడదీస్తవా?"

"మరి గోడకు ఆనిస్తె మెడ వంగుతదంటడు గదా మామ. తంతులు గూడ మార్పియ్యాలె, తుప్పు పట్టినయి." ఆ మాట అని రజిత మా అందరి ముఖాలూ చూసింది. "ఏమైంది? గట్ల జూస్తరేంది?"

అక్క లేచి నిలబడింది. "ఎవలకే తంతులు?"

"కురవామెకు. మామ గిటార్‌కు!"

రజిత పోయి బీరువా తెరిచింది. మా బావ గిటార్లకు పెట్టుకున్న పేర్లు ఆమెకూ ఆయనకూ మధ్యే ఉండేవట. పెద్దవాళ్ల ముందు అలా పిలవడానికి ఆయనకు సిగ్గట. ఒక్కొక్కదాన్నీ తీసి మంచం మీద పెట్టింది. "గీమె కాజీపేటామె. గీమె డోర్నకలామె. గీమె, నల్లగ నిగనిగలాడేటామె, కురవామె."

అక్క ఇంకా నమ్మలేదు. దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించింది. "డోర్నకలామెను ఎప్పుడు తెచ్చిండు?"

"మామిడికాయల కాలంల."

"అవ్! నాకు గంపెడు మామిడికాయలు తెచ్చిండు!" అక్క నల్లదాని వైపు తిరిగింది. "గీ కురవామె?"

"జాతరప్పుడట."

"వీరభద్రస్వామి ప్రసాదం తెచ్చిండు నాకు. గాజులు తెచ్చిండు. ఎనుక గోడ చాటున ఇది నిలబడి ఉన్నదన్నట్టు! ఓరి నీ..." అని మా అక్క, దినాల పూట, బంధువులందరి ముందు, మంచం పట్టె పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. ఏడుస్తూ నన్ను వీపు మీద చరిచింది. "తమ్మీ, నువ్వన్న చెప్పొద్దారా!" అంది. నాతో మాట్లాడింది! మా అక్క నాతో మాట్లాడింది! ఆ దెబ్బ ఇంకా చురుక్కుమంటూనే ఉంది, తగ్గకూడదని కోరుకుంటున్నాను.

"మరి నెలకోపాలి పోవుడేంది?" అని మేనల్లుడు అడిగాడు.

దానికీ రజితే జవాబు చెప్పింది. కురవామెను అమ్మింది చర్చిలో బేస్ వాయించిన ముసలాయన. చేతుల వణుకు వచ్చి ఇక వాయించలేక ఇచ్చేశాడు. "ఇంటి ఆడపిల్లను కొన్నట్టున్నది, ఆయన కండ్లు జూస్తె" అని మా బావ నెలకొకసారి దాన్ని తీసుకుపోయి, ఆయన ముందు కూర్చొని వాయించి తెచ్చేవాడట. పుట్టింటికి తీసుకుపోతున్నాను అనేవాడట రజితతో. మాకు నీళ్లు ఇవ్వబోయినామె ఆ ముసలాయన భార్య.

మేనల్లుడు పోయి తండ్రి ఫొటో ముందు కూలబడ్డాడు.  రజిత కురవామెను ఒళ్లో పెట్టుకొని, చిన్న స్పీకర్ డబ్బాకు కలిపి, లావు తంతి ఒకటి మీటింది. వంటింట్లో స్టీలు పళ్లాలన్నీ ఒక్కసారి జుమ్మన్నాయి. మా అక్క కళ్లు తుడుచుకొని, "మోగనియ్యి, మోగనియ్యి" అంది.

నిన్న కురవికి పోయాం. అక్క ఆటోలో కురవామెను ఒళ్లో పెట్టుకొని, చీరె, రవికె ముక్క, అరిసెలు మూట కట్టుకొని బయల్దేరింది, కోడలి పుట్టింటికి పోయినట్టే. బావ పోయిన కబురు విని ఆ ముసలాయన భుజం మీది కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రజిత వాయిస్తుంటే వణికే చెయ్యి చాచి చెక్క మీద ఆనించాడు, ఆ చెయ్యి వణుకు ఆగింది. ఆయన భార్య నన్ను చూసి, "ఇయ్యాలన్న నీళ్లు తాగుతవా, మల్ల ఉరుకుతవా?" అంది. మూడు గ్లాసులు తాగాను.

బావా, నువ్వు నాకు పాత చెక్కలో కూడా మాట వినడం నేర్పావు. నీ మాటే సరిగ్గా వినలేకపోయాం. పోనీలే, ఇప్పుడు విన్నాం.

ఇక ఈ కబురు వెంటనే అందవలసినవాళ్లు. తరిగొప్పులలో మా మేనమామ, "అందుకే ఆయన ఎప్పుడూ నవ్వుతుండె" అని అన్నందుకు. భూపాలపల్లిలో బావ తమ్ముడు, అన్న ఫొటోను గోడ మీంచి దించినందుకు, ఈ పూటే మళ్లీ పెట్టాలి. మేనల్లుడి అత్తగారు, మా అక్కను మరీ ఎక్కువగా ఓదార్చినందుకు. జనగాంలో మా వదిన, ఆమెకు చెబితే మిగతా జనగాంకు నేను చెప్పే పని ఉండదు. గంగారంలో మా చిన్నమ్మ. అక్కడ ఫోను కలవదు, నేనే పోవాలి. ఆమెకు చెవుడు. వాకిట్లో నిలబడి గొంతు చించుకొని అరవాలి, వాడకట్టంతా బయటికి వచ్చేటట్టు.