పోపో ఇంట్లో లేని మాట

కెనడాలోని బర్నబీలో నేను అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. హాంకాంగ్ నుంచి వచ్చిన పెద్దావిడ. కాంటనీస్‌లో అవ్వను పోపో అంటారట, నేనూ అలాగే పిలుస్తాను. వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి ఎదురుచూస్తున్న రోజుల్లో, సాయంత్రం సూప్ తాగడానికి నన్ను పైకి పిలిచేది. టీవీలో వాళ్ళ భాష వార్తలు ఆమెకు, భయం నాకు. ఫోను కుయ్‌మంటే చాలు, ఆ మెయిలేనేమోనని చూసుకునేదాన్ని. జవాబు వచ్చేదాకా పని చేసుకోనిస్తారు గానీ, పర్మిట్ రాకపోతే అప్పటికప్పుడు ఉద్యోగం మానేయాలి. ఆపైన ఈ దేశంలో ఉండనిస్తారో లేదో తెలియదు.

ఒకసారి వార్తలు చదివే అమ్మాయి "వోక్ జున్" అంది. పోపో నావైపు తిరిగింది.

"ఇది నీ మాట," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. "సర్కారు అనుమతి దొరికింది అని. ఇంట్లో ఎవరూ అనరు. చేపల కొట్లో అంటే నవ్వుతారు."

మన మంజూరు లాంటిదన్నమాట. పింఛను మంజూరవుతుంది గానీ వంకాయలు మంజూరు కావు కదా!

"మరి అనుమతి దొరకలేదు అనాలంటే?"

వినపడనట్టు సూప్ కలుపుతూ కూర్చుంది. వీసాలు రాని వాళ్ళ వార్త వస్తే టక్కున టీవీ గొంతు నొక్కేసేది. ముసలావిడ చాదస్తమని విసుక్కునేదాన్ని.

మా అమ్మా అంతే. ఫోన్లో "రాకపోతే ఎట్లమ్మా?" అన్నానో లేదో, "అట్లనకు బిడ్డా! పైన తథాస్తు దేవతలుంటరు!" అని కసిరేది.

ఆ మెయిల్ సూప్ గిన్నె ముందుండగానే వచ్చింది. రిఫ్యూజ్డ్. మళ్ళీ చదివినా అదే. రేపు పొద్దున డ్యూటీకి వెళ్ళకూడదు. ఏడుపైనా రాలేదు, ఒట్టి భయం.

"పోపో, నాకు రాలేదు. దీన్ని మీ భాషలో ఏమంటారు?"

టీవీ కట్టేసింది. "ఆ మాట ఈ ఇంట్లో లేదు. మళ్ళీ అప్లై చెయ్యి."

స్టేటస్, అంటే ఇక్కడ ఉండే అనుమతి, తిరిగి ఇమ్మని అడగొచ్చని నాకూ తెలుసు. "అదీ రాకపోతే" అనబోయాను. అల్లం వాసనేసే అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది.

"నీ మాట చెప్పు. గట్టిగా."

"వోక్ జున్," అన్నాను. తథాస్తు దేవతలకు కాంటనీస్ వచ్చో రాదో! ఎందుకైనా మంచిదని తెలుగులో కూడా అన్నాను, "మంజూరైంది."