నేను పంపలేకపోయిన పార్సిల్

ట్రాక్టర్ల ఫ్యాక్టరీ డిస్పాచ్ సెక్షన్లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. గేరుబాక్సులను దేశం నలుమూలలకూ పంపిన నేను, బొటనవేలంత మోటర్లు రెండింటిని జహీరాబాద్ నుంచి హైదరాబాద్ పంపలేకపోయాను. తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పుకుంటే కాస్త పరువైనా మిగులుతుందని ఆశ.

అట్టగొట్టంతో చేసిన బుల్లి రాకెట్లను ఎగరేసే మందు మోటర్లవి. తయారుచేసినవాళ్ల వ్యాను హైదరాబాద్ దాకా పోదట, బొంబాయి రోడ్డున పోతూ మా ఇంట్లో ఇచ్చింది. వాటికి నిప్పు తగిలించే ఇగ్నైటర్లనే సన్నటి తీగలు నాలుగు కూడా ఇచ్చింది. ఇవి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి జట్టు కోసం. ఆదివారం సాయంత్రంలోగా రాకెట్ ఎగిరిన వీడియో పంపకపోతే కాలేజీల రాకెట్ పోటీలోంచి అవుట్.

మా ఊళ్లో అల్లం నుంచి కళ్లద్దాల దాకా ఏదైనా బస్సెక్కిస్తాం. డబ్బా మీద అందరూ ‘సామాను’ అని రాసి ఊరుకుంటారు. నాది డిస్పాచ్ చెయ్యి కదా, ఊరుకోలేదు. లోపల ఉన్నవన్నీ ఎర్ర సిరాతో వరసగా రాశాను. బస్టాండు పార్సిల్ కౌంటర్లో గుమస్తా అది చదివి కుర్చీ వెనక్కి జరిపాడు.

“మోటరంటే బోరు మోటరా సార్?”

“కాదు, మందు మోటరు.”

“దవాఖాన మందా, పేలే మందా?”

“పేలదు, మండుతుంది.”

“అమ్మో! యాభై మంది కూసునే బస్సు సార్ ఇది. జర దూరం పెట్టున్రి.”

ఒక కొరియర్ అతను మోటర్లు సరే, ఇగ్నైటర్లే ప్రమాదమన్నాడు. పక్క కొరియర్లో సరిగ్గా తిరగేసి చెప్పారు. వాళ్ల పెద్దాఫీసుకు ఫోన్ చేస్తే ఒకావిడ, రెండూ ప్రమాదకరమైనవే, లైసెన్సున్న బండిలో, ఏ తరగతి ప్రమాదమో అచ్చువేసిన పెట్టెలోనే పంపాలంది. “మీది ఏ తరగతండీ?” అని నన్నే అడిగింది. నేను డిగ్రీ దాకా చదివాను గానీ, ఆ తరగతి ఎక్కడా తగల్లేదు.

శనివారం తల పట్టుకుని అమ్మాయికి ఫోన్ చేశాను.

“డాడీ, మోటర్లు రాకుంటె రాకెట్నే అటు పంపుతం. అట్టగొట్టానికి ఏం రూలుంటది?”

నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. ఆదివారం పొద్దున్నే రాకెట్ అదే కౌంటర్లో దిగింది.

“గిదేనా సార్? నిజంగ ఎగురుతదా? నా డ్యూటీ అయిపోయింది, నేను గూడ వస్త” అన్నాడు గుమస్తా.

కోహీర్ దారిలో ఒక మిత్రుడిది అల్లం తవ్వేసిన చేను. దూరంగా నిలబడి మీట నొక్కాను. అది సుయ్యిమని లేచింది. వీడియో పంపిన పది నిమిషాలకు ఫోన్: “తీసుకున్నరు డాడీ, పోటీల ఉన్నం!”

రాకెట్ మాత్రం పారాచూట్ గొడుగు విప్పుకుని పక్కనున్న చెరకు తోటలో వాలింది.

“మీరు ఉండున్రి సార్, నేను తెస్త” అని గుమస్తా పరుగెత్తాడు. చెరకు ఆకు రంపంలా కోస్తుంది. అతనిది పొట్టి చేతుల చొక్కా. రాకెట్ మొదటి వరుసలోనే వేలాడుతూ నాకు కనబడుతోంది.

“దొరకలేదు సార్!” అని లోపలి నుంచి అరిచాడు.

“ఇంకా లోపలికి పోవాలి” అన్నాను.