కడాయి దగ్గరి నుంచి కుండ దగ్గరికి

నన్ను కడాయి దగ్గరి నుంచి తీసేశారు. నేను పాకం మాడ్చలేదు, పనికి ఆలస్యంగా రాలేదు, ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. అయినా తీసేశారు. తీసేసి, దారిన పోయేవాళ్లకు చెరుకు రసం పోసే కుండ దగ్గర కూర్చోబెట్టారు. ఆ పని చేసినవాడు సాయన్న. ఆయన నాకు పని నేర్పినవాడు, జీతమిచ్చినవాడు, చివరికి నా పెళ్లికి పెద్దగా కూర్చున్నవాడు కూడా. అయినా సరే, అన్యాయాన్ని అన్యాయమనే అంటాను.

మొన్న నిజామాబాద్ బస్టాండు బయట నిలబడి ఉంటే చెరుకు రసం వాసన వచ్చింది. పచ్చి గడ్డినీ తీపినీ కలిపి నలిపినట్టుండే వాసన. వయసు మీద పడితే ముక్కు మందగిస్తుందంటారు గానీ, ఈ వాసన విషయంలో నా ముక్కుకు ఇంకా మీసాలు కూడా రాలేదు. పోయి ఒక గ్లాసు అడిగాను. మిషను తిప్పే మనిషి తల ఎత్తలేదు. నిమ్మకాయ, ఐసు, గ్లాసు, అయిపోయింది. నేనే ఉండబట్టలేక "నీ పేరేంది బిడ్డా?" అన్నాను. గ్లాసులో ఈగ పడిందని ఫిర్యాదు చేస్తాననుకున్నాడో ఏమో, "ఎందుకు తాతా, ఏమైంది?" అని కంగారుపడ్డాడు. ఏమీ కాలేదు. రసం పోసేవాడు తాగేవాడి పేరు అడగాలి. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. నాకు చెప్పినవాడు ఉన్నాడు.

సాయన్న బెల్లం గానుగ బోధన్ నుంచి రెంజల్ పోయే దారి పక్కనే ఉండేది. నిజాంసాగర్ కాలువ కింద పండిన చెరుకులో చాలావరకు చక్కెర ఫ్యాక్టరీకి పోయేది, మిగిలింది మా దగ్గరికి వచ్చేది. చెరుకు ఆడించి, రసాన్ని పెద్ద ఇనుప కడాయిలో పోసి, ఎండిన పిప్పిని పొయ్యిలోకి తోస్తూ మరిగిస్తే బెల్లం. చెప్పడానికి ఇంతే. కానీ పాకం ఎప్పుడు దింపాలో తెలిసినవాడే అక్కడ రాజు. తొందరపడితే ముద్ద కట్టదు, ఆలస్యమైతే నల్లబడుతుంది. నేను కాస్త పాకం తీసి చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసేవాణ్ని. నేను చెయ్యి ఎత్తితేనే మిగతావాళ్లు కడాయి దింపేవాళ్లు. ఆ కుర్ర వయసులో నా మాటకు ఎదురు లేని చోటు లోకం మొత్తం మీద అదొక్కటే. బడికి పోలేదు. నాన్న ఎలా ఉండేవాడో గుర్తు లేదు. నన్ను తీసేసిన ఏడు వానాకాలంలోనే మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, జ్వరంతో పోయింది. ఇంటికి పోతే "తిన్నవా" అని అడిగే దిక్కు లేదు. అందుకని నేను ఇంటికి పోవడమే తగ్గించాను. నాకు పాకం చాలనుకున్నాను.

ఆ ఏడు ఒకరోజు బెల్లం పసుపు కొమ్ము రంగులో దిగింది. అంత మంచి బెల్లం ఆ గానుగలో అంతకు ముందు నేను చూడలేదు. అందరూ కడాయి అంచున అంటిన వేడి పాకాన్ని చెరుకు ముక్కలతో గీక్కుని తింటూ, ఒకరి మూతి చూసి ఒకరు నవ్వుకుంటున్నారు. నేను ఎప్పటిలాగే పిప్పి కుప్ప వెనక్కి పోయి కూర్చున్నాను. మర్నాడు పొద్దున వచ్చేసరికి కడాయి పక్కన నా పీట మీద సాయన్న బామ్మర్ది లింగం కూర్చుని ఉన్నాడు. సాయన్న నా చేతిలో చెంబు పెట్టి, రోడ్డు పక్కనున్న మట్టికుండ చూపించాడు.

"ఎందుకన్నా?" అన్నాను.

"రసం పొయ్యనికి," అన్నాడు.

నేను అడిగింది అది కాదని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు.

గానుగ ఆడుతున్నప్పుడు దారిన పోయేవాణ్ని రసం తాగించకుండా పంపకపోవడం మా వైపు ఆనవాయితీ. దానికి డబ్బులు తీసుకోరు. ఏ గానుగ దగ్గరైనా ఇంతే. సాయన్న మాత్రం దానికి తన షరతు ఒకటి తగిలించాడు. పేరు, ఊరు అడగకుండా గ్లాసు నింపొద్దు. వచ్చే ఏడు అదే మనిషి వస్తే, ఆయన నోరు తెరవకముందే మనం పేరు పెట్టి పిలవాలి. "మర్సిపోతే ఆయనకు రెండు గ్లాసులు, నీకు ఆ పూట చాయ్ బంద్," అన్నాడు. మనుషులతో మాట్లాడటం ఇష్టం లేనివాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఎవరు వేయగలరు? మొదటి వారమంతా నేను పేర్లను పోలీసులు అడిగినట్టు అడిగాను. ఒక పెద్దాయన భయపడి రసం తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ పూట కూడా నాకు చాయ్ బంద్ అయింది. ఆ నియమం ఎక్కడ ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

అటు లింగం మొదటి కడాయినే మాడ్చాడు. ఆ వాసన రోడ్డు దాకా వస్తే నాకు పండగలా అనిపించింది. ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడు అని గానుగ వైపే చూస్తూ కూర్చున్నాను. సాయన్న మాడిన బెల్లాన్ని పశువుల దాణాకు పంపించాడే గానీ నన్ను పిలవలేదు. ఇలాంటిదాన్ని బంధుప్రీతి అంటారని తర్వాత పేపర్లో చదివి తెలుసుకున్నాను.

పేపరు చదవడం కూడా కుండ దగ్గరే వచ్చింది. రెంజల్ వైపు బడికి సైకిల్ మీద పోయే ఒక సారు రోజూ ఆగేవారు. ఇన్ని పేర్లు ఎట్లా గుర్తుపెట్టుకుంటావని అడిగితే, చాయ్ కోసమని చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి, పొయ్యిలోంచి తీసి పోసిన బూడిద మీద చెరుకు ముక్కతో నా పేరులోని మొదటి అక్షరం రాశారు. నర్సయ్యలోని 'న'. ఆయన సైకిల్ ఎక్కి వెళ్లిపోయాక సాయంత్రం దాకా దాని మీద ఎవరి కాలూ పడకుండా కాపలా కాశాను. ఆ తర్వాత రోజుకో అక్షరం. బస్సు కండక్టరు ఒకాయన నిన్నటి పేపరు వదిలి పోయేవాడు. సరిహద్దు దాటి వచ్చే బేరగాళ్ల దగ్గర మరాఠీ పట్టుబడింది. ఈరోజు నేను రెండు భాషల్లో పోట్లాడగలను, ఒక భాషలో అర్జీ రాయగలను. మా వీధి మురుగు మోరీ మీద బండలు పడ్డాయంటే అది నా అర్జీ వల్లే.

రెండో ఏడు ఒక పెద్ద తప్పు జరిగింది. రెంజల్ దగ్గరి ఒక రైతు తన కూతురితో బండి దిగి వచ్చాడు. నిరుడు కూడా వచ్చారు, ఇద్దరు కూతుళ్లతో. నేను గ్లాసు అందిస్తూ, "మంచిగున్నవా లక్ష్మీ?" అన్నాను. ఆ అమ్మాయి గ్లాసు తీసుకోలేదు.

"లక్ష్మి మా అక్క. ఆమెకు పెండ్లయింది. నేను రాజవ్వను. జర మొఖం సూసి పొయ్యి," అన్నది.

వెనక నుంచి సాయన్న నవ్వు వినిపించింది. షరతు ప్రకారం ఆమెకు రెండు గ్లాసులు పోశాను. చాయ్ ఎలాగూ పోయింది. అంతటితో ఆగలేదు. ఆడపిల్లను తప్పు పేరుతో పిలిచినందుకు వాళ్లింటికి పోయి బెల్లం ముద్ద ఇచ్చి రావాలని సాయన్న తీర్పు చెప్పాడు. అటువంటి ఆచారం మా జిల్లాలో ఎక్కడా లేదని నాకు ఆ తర్వాత తెలిసింది. అప్పటికే నేను ఆ ఇంటికి చాలాసార్లు పోయి వచ్చాను.

పెళ్లి మాటల్లో సాయన్నే నా తరఫు పెద్ద. పిల్లాడికి వెనకా ముందూ ఎవరూ లేరే అని రాజవ్వ నాయన దిగులు పడ్డాడు. తీరా ముహూర్తం రోజున సైకిల్ సారు వచ్చారు, కండక్టరు వచ్చాడు, బేరగాళ్లు తలపాగాలతో వచ్చారు, నేను పోలీసులా పేరు అడిగితే పారిపోయిన పెద్దాయన కూడా వచ్చాడు. రోడ్డు రోడ్డంతా వచ్చి కూర్చున్నట్టయింది. అన్నం రెండోసారి వండాల్సి వచ్చింది. "గింతమంది సుట్టాలున్నరని నాకు జెప్పనే లేదేందిరా నర్సిగా," అని సాయన్న అందరి ముందూ నన్ను కోప్పడ్డాడు. ఇప్పటికీ నేను ఇంట్లో ఎవరికైనా పప్పు వడ్డిస్తుంటే, రాజవ్వ పక్క నుంచి "మొఖం సూసి పొయ్యి" అంటుంది. పిల్లలు, మనవలు కూడా ఆ మాట పట్టుకున్నారు.

కొన్నేళ్లకు లింగం సొంత వ్యవసాయం చూసుకుంటానని వెళ్లిపోయాడు. సాయన్న నన్ను పిలిచి, పో, నీ పీట మీద కూర్చో అన్నాడు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. తీరా విన్నాక నా నోటి నుంచి "మరి కుండ కాడ ఎవరు?" అని వచ్చింది. ఆయన బీడీ ముట్టించుకున్నాడు. నేను కుండను నెత్తిన పెట్టుకుని కడాయి పక్కకే తెచ్చుకున్నాను. రసం తాగాలనుకున్నవాళ్లు పొయ్యి దాకా నడిచి వచ్చేవాళ్లు. ఒక కన్ను పాకం మీద, ఒక కన్ను మనిషి మీద. ఆ తర్వాత చాలాకాలం నాకు అంతకన్నా మంచి రోజులు లేవు.

కానీ కారణం మాత్రం ఆయన చెప్పలేదు. ప్రతి ఏడూ గానుగ మొదలయ్యే రోజు నేను అడిగేవాణ్ని, నన్ను ఎందుకు తీశావని. చెరుకు మంచిగుందా చూడు అనేవాడు. నా పాకంలో వంక ఉందా అని నిలదీస్తే, చలి ఎక్కువైంది కదా అనేవాడు. గానుగ మూతపడింది, ఆయన కూతురింటికి నిజామాబాద్ చేరాడు, నేనూ ముసలివాణ్నయ్యాను. అడగడం మాత్రం మానలేదు. ఒకప్పుడు నా దగ్గరున్నది ఆ పనితనం ఒక్కటే. అందులో లోపముందని ఆయన అనుకున్నాడా లేదా అన్నది తెలియకుండా నేను ఎట్లా ఊరుకుంటాను?

చివరిసారి ఆయన్ను ఆస్పత్రిలో చూశాను. దిండుకు ఆనుకుని కూర్చుని, ఇడ్లీలో ఉప్పు లేదని నర్సుతో వాదిస్తున్నాడు. ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడు. నేను తెచ్చిన బెల్లం ముక్కను దాచుకుని తిన్నాడు. మంచిగున్నాడు కదా అని మళ్లీ అడిగాను. నా పాకం అంత చెడ్డదా, చెప్పు అన్నాను. ఈసారి ఆయన చలి గురించి మాట్లాడలేదు. వేళ్లకు అంటిన బెల్లం నాక్కుంటూ చెప్పాడు:

"నీ పాకానికి ఏం తక్వరా, బంగారం. అంత మంచి బెల్లం దిగిన నాడు అందరు నవ్వుకుంట తింటుంటే, నువ్వొక్కనివి పిప్పి కుప్ప ఎనుకకు పోయి కూసున్నవు. మీ అవ్వ పోయినకాడికెల్లి గట్లనే ఉంటివి. నాకు భయమైంది. కడాయి కాడికి ఎవడో ఒకడు దొర్కుతడు. నువ్వు పోతే మల్ల నువ్వు దొర్కుతవా? ఇగ గది ఇడిసిపెట్టు. గా పక్క మంచమాయన పొద్దుగాలకెల్లి ఒక్కడే ఉన్నడు. పేరడిగినవా?"